మోకాళ్లు నాట్యం వద్దన్నాక గాజు పని మొదలుపెట్టవచ్చా?

మీ ప్రశ్న మూడుసార్లు చదివాను. 24 ఏళ్లు నాట్యం చేశారు. రెండు మోకాళ్లలోనూ మృదులాస్థి అరిగిపోయింది, ఇక దూకడాలు, గట్టి అడుగులు వద్దని డాక్టరు తేల్చి చెప్పేశారు. ఊరికే కూర్చోలేక రెండు రోజుల గాజు పని శిక్షణకు వెళ్లారు, వచ్చిన దగ్గర్నుంచీ మనసంతా అక్కడే ఉంది. 39 ఏళ్లకు ఇది మొదలుపెట్టవచ్చా, ఈ మోకాళ్లతో ఏ రకం గాజు పని కుదురుతుంది, ఇన్నేళ్లు నేర్చుకున్న నాట్యమంతా వృథాయేనా అని అడిగారు. గజ్జెలు కంటపడితే ఏడుపొస్తోంది, ఎవరికైనా ఇచ్చేయనా అని చివర్లో ఒక ముక్క కలిపారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మొదలుపెట్టండి. గాజు ఊదే పని జోలికి ఇప్పుడే వెళ్లకండి. పలకలు కోసి, పేర్చి, కిల్న్ అనే మూత ఉన్న కొలిమిలో కరిగించే పనితో, అంటే ఫ్యూజింగ్‌తో మొదలుపెట్టండి. మీ నాట్యం ఎక్కడికీ పోలేదు. అయితే మీరు ఎదురుచూస్తున్న వైపు నుంచి అది రాదు. మీ చెవిలోంచి, మణికట్టులోంచి, ఊపిరి లెక్కలోంచి వస్తుంది. గజ్జెలు మాత్రం ఈ ఏడాది ఎవరికీ ఇవ్వకండి.

నేను 19 ఏళ్లు నాట్యం చేశాను. తుంటి కీలు పాడై 35లో ఆపేశాను. గాజులో ఇది పదిహేనో ఏడు. మొదటి నాలుగేళ్లు ఊదే పని, ఆ తర్వాతంతా కిల్న్ పని. ఏడేళ్లుగా నేర్పుతున్నాను కూడా. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో నలుగురు నాట్యం నుంచి వచ్చినవాళ్లే. అందుకే ఈ ప్రశ్నకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను గాజు దగ్గరికి నేర్చుకోవడానికి వెళ్లలేదు. ఊదే పనివాడొకాయనకు ఆ రోజు సహాయకుడు రాలేదు, ఒక పూట చేతిసాయం చేయమన్నాడు. ఆయన బల్ల మీద కూర్చుని కరిగిన గాజును గొట్టం చివర తిప్పుతూ ఆకారం తెస్తుంటే, ఆ సెగ ఆయన చేతికి తగలకుండా చెక్క తెడ్డు అడ్డం పెట్టి నిలబడటం నా పని. అంతే. కొలిమిలో గాజు 1,100 డిగ్రీల పైన ఉంటుంది. బయటికి తీసిన కొన్ని క్షణాలకే బిగుసుకోవడం మొదలవుతుంది, మళ్లీ వేడిలో పెట్టాలి. అందుకని ఆయన లేచి వెళ్లడం, వచ్చి కూర్చోవడం, మళ్లీ లేవడం. ఒక గంట గడిచేసరికి ఆయన ఎప్పుడు లేస్తాడో నాకు ముందే తెలిసిపోతోంది. లేవబోయే ముందు భుజం ఒక్క పిసరు కిందికి దిగేది, ఊపిరి ఆగేది. వేదిక మీద పక్కనున్నవాళ్లను చూడకుండానే వాళ్ల కదలిక పట్టుకోవడం మనకు అలవాటే కదా. సాయంత్రం ఆయన అడిగాడు, ఇంతకుముందు ఏ గాజు కొలిమిలో పనిచేశారని. ఎక్కడా చేయలేదన్నాను. రేపు కూడా రమ్మన్నాడు.

నాట్యం గాజులోకి వచ్చేది ఇలాగే. ఊదుగొట్టం చేతిలో ఉన్నంతసేపూ తిప్పుతూనే ఉండాలి, ఆపితే గాజు తేనెలా ఓ పక్కకి జారిపోతుంది. వేగంగా తిప్పితే చాలదు, ఒకే కాలంలో, అంటే వేగం మారకుండా తిప్పాలి. కొత్తవాళ్లు కంగారులో కాలం పెంచేస్తారు. లోపల తాళం వేసుకునే అలవాటున్నవాళ్లకు ఆ కంగారు తక్కువ.

మరి ఊదే పని ఎందుకు వద్దంటున్నాను? మీ మోకాళ్ల వల్ల. గొట్టం దాదాపు నాలుగైదు అడుగుల పొడవు, చివర గాజు చేరిందంటే కిలోల బరువు. ఒక్క మామూలు పాత్రకే బల్ల మీద నుంచి డజన్ల సార్లు లేచి, వేడి గది దాకా నడిచి, తిరిగి కూర్చోవాలి. కింద గట్టి నేల. నా తుంటి నాలుగేళ్లు ఓర్చుకుంది, ఐదో ఏడు కుదరదంది. నాట్యం పోయినప్పటికంటే అప్పుడే ఎక్కువ ఏడ్చాను, ఎందుకంటే రెండోసారి కూడా నా ఒళ్లే నన్ను ఆపింది. మీకు ఆ రెండో దెబ్బ తగలకూడదని చెబుతున్నాను.

ఈ రంగంలో ఒళ్లు మొరాయించడం కొత్తేమీ కాదు. అమెరికా గాజు కళాకారుడు డేల్ చిహులీ పేరు వినే ఉంటారు. 1976లో కారు ప్రమాదంలో ఎడమ కన్ను చూపు పోయింది. 1979లో భుజం జారాక గొట్టం పట్టుకోవడం మానేశారు. ప్రపంచమంతా చూసిన ఆయన పెద్ద పనులు చాలావరకు ఆ తర్వాత వచ్చినవే. జట్టును నిలబెట్టి, బొమ్మలు గీసి ఇచ్చి చేయించారు. తాను నర్తకుడి కంటే నృత్య దర్శకుడి లాంటివాణ్నని ఆయనే చెప్పుకున్నారు. ఆ పోలిక చదివిన రోజు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. హార్వీ లిటిల్‌టన్‌ది ఇంకో దారి. కుండల పని నుంచి గాజులోకి వచ్చిన మనిషి. పెద్ద ఫ్యాక్టరీ లేకుండా ఒక్క కళాకారుడే చిన్న కొలిమితో గాజు చేయగలడని 1962లో టొలీడో ఆర్ట్ మ్యూజియంలో జరిగిన శిక్షణ తరగతుల్లో చూపించింది ఆయనే. అలాంటాయన కూడా నడుం నొప్పితో 1990లో ఊదడం ఆపేశారు. గాజును మాత్రం వదల్లేదు. గాజు పలకల మీద గీసి వాటితో కాగితం మీద అచ్చులు తీసే పని సాగించారు. గాజు ఒకటే గది ఉన్న ఇల్లు కాదు. ఒక తలుపు మూసుకుంటే పక్క గది ఉంటుంది.

మీకు సరిపోయే గది కిల్న్ పని. అక్కడ మీకు మొదట ఎదురయ్యేది కోత. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను, మీ నాట్యం మీకు మొదట తిరిగి దొరికేది అక్కడే.

మూడు మిల్లీమీటర్ల పలక బల్ల మీద ఉంది అనుకోండి. కట్టర్ చివర చిన్న చక్రం ఉంటుంది. మనం గాజును నిజానికి కోయం. ఆ చక్రంతో పైపైన సన్నటి బలహీనత గీసి, దాని వెంట విరుగుతుందని నమ్ముతాం. నొక్కుడు సరిగ్గా ఉంటే పట్టు బట్ట చిరిగినట్టు సన్నగా, ఎడతెగకుండా చప్పుడు వస్తుంది. ఎక్కువ నొక్కితే కరకరమంటుంది, గీత తెల్లబడి సన్నటి రవ్వలు లేస్తాయి. తక్కువ నొక్కితే మధ్యలో చప్పుడు ఆగిపోతుంది, ఆగినచోటే విరుపు దారి తప్పుతుంది. ఒకసారి గీసిన గీత మీద మళ్లీ గీయకూడదు. గీశాక రెండు పిడికిళ్లూ పలక కింద గీతకు అటూ ఇటూ ఆనించి, బొటనవేళ్లు పైన పెట్టి, మణికట్లు బయటికి తిప్పాలి. టక్కున రెండు ముక్కలు చేతుల్లోకి వస్తాయి. బలం అక్కర్లేదు.

నేను నేర్పేటప్పుడు మొదటి రోజు అందరూ గీత వైపే చూస్తారు. నాట్యం నుంచి వచ్చినవాళ్లు చప్పుడు వింటారు. అడుగు సరిగ్గా పడిందో లేదో చూసి తెలుసుకోం కదా, వింటాం. ఆ చెవికి గాజు కోత వారం రోజుల్లో లొంగుతుంది. మామూలుగా అయితే నెలలు పడుతుంది. ఇంకో సంగతి, వంపు గీత కోసేటప్పుడు వేళ్లతో లాగితే వణుకుతుంది. కదలిక నడుం నుంచి రావాలి, చెయ్యి దాని వెంట పోవాలి. ఇది మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక నాట్యం నుంచి రానిది ఏంటంటే, కాలంతో పొత్తు. నాట్యంలో పని జరుగుతున్నప్పుడు మీరు అందులోనే ఉంటారు. అడుగు తప్పితే అక్కడే సర్దుకుంటారు, కాసేపట్లో ఆ తప్పు గాలిలో కలిసిపోతుంది. కిల్న్ పనిలో అసలు ఘట్టం మీరు లేనప్పుడు జరుగుతుంది. మూత వేసి, వేడి పెరిగే క్రమం లెక్కవేసి పెట్టి, బయటికి వచ్చేయాలి. 650 డిగ్రీల దగ్గర పలక మెత్తబడి అచ్చులోకి వాలుతుంది. 750 దగ్గర ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి గానీ వాటి గట్లు నిలుస్తాయి. 800 దాటాక అంతా కలిసి ఒకటే నున్నటి పలక అవుతుంది. అలా పూర్తిగా కరిగినప్పుడు గాజు తనంతట తాను ఆరు మిల్లీమీటర్ల మందానికి రావాలని చూస్తుంది. అంతకంటే పలచగా పేరిస్తే అంచులు లోపలికి ముడుచుకుంటాయి, మందంగా పేరిస్తే బయటికి పారుతుంది. అందుకే మూడు మిల్లీమీటర్ల పలకలు రెండు పొరలుగా పేర్చడంతో అందరూ మొదలుపెడతారు.

ఆ తర్వాతిది అనీలింగ్. కరిగిన గాజు చల్లారేటప్పుడు పైభాగం ముందు బిగుస్తుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది. ఆ తేడా లోపల బిగువుగా మిగిలిపోతే గాజు ఆరోజు కాకపోతే ఆర్నెల్లకైనా పగులుతుంది. కాబట్టి ఒక స్థిరమైన వేడి దగ్గర, ఫ్యూజింగ్ గాజులో ఎక్కువ వాడే రకాలకు 480 నుంచి 510 డిగ్రీల మధ్య, మందాన్ని బట్టి ఆపి ఉంచి, అక్కడి నుంచి మెల్లగా దించాలి. మందం రెండింతలైతే ఈ చల్లార్చే సమయం రెండింతలు సరిపోదు, దాదాపు నాలుగింతలు కావాలి. కొత్తవాళ్లు ఎక్కువ పోగొట్టుకునేది ఈ లెక్కలోనే. పెద్ద దుర్భిణి అద్దాల సంగతి చూస్తే అర్థమవుతుంది. పాలోమర్ వేధశాల కోసం 1934లో పోసిన 200 అంగుళాల అద్దాన్ని చల్లార్చడానికి పది నెలలు పట్టింది.

కిల్న్ పనిలోకి వచ్చిన రెండో ఏడు నేనొక పళ్లెం చేశాను. నీలం మీద పాలరంగు గీతలు, మూడు వారాల పని. తెల్లారి కిల్న్ మీద అంకె 160 చూపిస్తోంది. చూడాలని ఆత్రం. మూత నాలుగు వేళ్లు ఎత్తాను. లోపల పళ్లెం పూర్తిగా, నేను అనుకున్నట్టే ఉంది. మూత దించేలోపు ఒక్క చప్పుడు, తీగ తెగినట్టు. అడ్డంగా మధ్యలోకి పగిలిపోయింది. ఆ రెండు ముక్కలూ ఇప్పటికీ నా బల్ల వెనక గోడకు ఆనించి ఉన్నాయి. ఎవరు కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినా ముందు వాటిని చేతికిస్తాను. గది వేడికి వచ్చేదాకా మూత తెరవకండి. ఆ పూట వేరే పని పెట్టుకోండి, ఇల్లు దాటి వెళ్లిపోండి.

నాట్యం బొమ్మల మాటకొస్తాను. మొదటి ఏడాది గాజులో నర్తకి బొమ్మలు చేయకండి. ఎందుకంటే, నాట్యం నుంచి వచ్చిన మేమందరం అదే చేశాం, అందరివీ బిగుసుకుపోయాయి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఆరు నెలలు వరసగా నర్తకి ఆకారాలే కోసింది. చేతులు, నడుం వంపు, ఎగిరే కొంగు. ప్రతిదీ పోస్టరులా ఉండేది. ఆవిడకూ తెలుసు, అందుకే మరింత పట్టుదలగా చేసేది. ఒకరోజు చేతికి దొరికిన తుంపులు, అన్నీ వేలెడు వెడల్పు చీలికలు, నిలువుగా పేర్చమన్నాను. బొమ్మ వద్దు, మీకు బాగా వచ్చిన ఒక జతి మనసులో అనుకుని, దాని లెక్కకు సందులు వదలండి అన్నాను. గంటసేపు పేర్చింది. పెదవులు కదులుతున్నాయి, ఒక చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. మర్నాడు బయటికి తీసి కిటికీకి ఆనిస్తే నేల మీద వెలుగు చారలు పడ్డాయి, దగ్గర దగ్గరగా, ఎడంగా, మళ్లీ దగ్గరగా. ఆవిడ ఆ చారల పక్కన నిలబడి పాదం మెల్లగా ఆనించింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఆవిడ చేసే పనిలో మనిషి ఆకారం ఒక్కటీ ఉండదు. చూసినవాళ్లు మాత్రం మీరు నాట్యం చేసేవారా అని అడుగుతారు.

ఇక జాగ్రత్తలు. కొన్ని నాట్యం నుంచి వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి.

చెప్పుల్లేకుండా పనిగదిలోకి అడుగుపెట్టకండి. మీ పాదం ఇన్నేళ్లూ నేలను నేరుగా తాకింది. ఇక్కడ మూసి ఉన్న బూట్లు తప్పనిసరి, కంటికి కనిపించని ముక్క కూడా పాదంలో దిగితే తీయడం కష్టం. నాకు ఇది అన్నిటికంటే కష్టమైన మార్పు. చాలాకాలం నిలబడటమే చేతకానట్టు అనిపించింది. బూట్ల కింద మెత్తటి రబ్బరు చాప వేసుకోండి, మోకాళ్లకు చాలా తేడా తెలుస్తుంది. బల్ల ఎత్తు నిలబడి పనిచేసినప్పుడు మోచేతి దగ్గరికి రావాలి. కిల్న్ కొనే రోజు వస్తే పైనుంచి తెరిచేదైనా సరే, వంగకుండా అందే ఎత్తులో స్టాండు మీద పెట్టించుకోండి.

గాజు పొడి, కిల్న్ పలకకు పూసే పూత పొడి ఊపిరిలోకి పోకూడదు. పొడి చీపురు వాడొద్దు, తడిగుడ్డతో తుడవండి. అంచులు అరగదీసేటప్పుడు నీళ్లు పడుతూనే ఉండాలి. గాజు పొడి చల్లే పని ఉంటే సరిగ్గా బిగిసే మాస్కు పెట్టుకోండి, గుడ్డ కట్టుకుంటే చాలదు. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేసే హాని వెనక్కి పోదు. అలాగే, మీరు శిక్షణలో చేసిన, రంగు ముక్కల్ని పట్టీలతో కలిపే కిటికీ గాజుల పనిలో సీసం ఉంటుంది, టంకంలో, పట్టీల్లో. ఆ బల్ల దగ్గర తినకండి, తాగకండి, లేచాక చేతులు సబ్బుతో కడుక్కోండి. కళ్లను కాపాడే అద్దాల మాట వేరే చెప్పను, అవి లేకుండా కట్టర్ ముట్టుకోకండి.

దొరికిన గాజునల్లా కలిపి కరిగించకండి. ప్రతి గాజూ వేడికి ఎంత సాగుతుందో, చల్లారితే ఎంత ముడుచుకుంటుందో ఒక అంకె ఉంటుంది. ఫ్యూజింగ్ గాజుల్లో 90, 96 అని కనిపించేవి అవే. వేర్వేరుగా ముడుచుకునే రెండు గాజులు అంటుకుంటే ఎంత మెల్లగా చల్లార్చినా విడిపోతాయి. సీసా ముక్క, కిటికీ అద్దం, రంగు పలక మూడూ కలిపితే పగిలి తీరుతుంది. అంకె ఒకటైనా చాలదు, ఒకదానితో ఒకటి కలుస్తాయని తయారీదారు పరీక్షించి చెప్పినవే తీసుకోండి. మొదటి ఏడాది ఒకే తయారీదారు గాజు వాడటం మంచిది.

కిల్న్ ఇప్పుడే కొనకండి. మీరు శిక్షణ తీసుకున్నచోటే అద్దెకు కిల్న్ వాడుకోనిస్తారేమో అడగండి, చాలామంది ఇస్తారు. పక్కన అనుభవజ్ఞులు ఉంటే ఒక్కో పగులూ ఒక పాఠం అవుతుంది, ఒంటరిగా ఉంటే దిగులు మిగులుతుంది. సంపాదన గురించి మీరు అడగలేదు గానీ చెప్పడం నా బాధ్యత. మొదటి మూడేళ్లు దీనిమీద బతుకుతానని లెక్క వేసుకోకండి. నాట్యం నేర్పగలిగితే, కూర్చుని తాళాలతో నాట్యం నడిపించే నట్టువాంగం చేయగలిగితే, అది వదలకండి. అది మీకు అన్నం పెడుతుంది, గాజును తొందరపెట్టకుండా కాపాడుతుంది.

వయసు గురించి ఒక్క మాట. ఇది పద్నాలుగేళ్ల ఒంటిని అడిగే కళ కాదు. ఓపిక ఉన్న చేతిని అడుగుతుంది. 39 దీనికి మంచి వయసు.

గజ్జెల సంగతి. నేను మానేసిన రెండో నెలలోనే నా గజ్జెలు ఓ శిష్యురాలికి ఇచ్చేశాను. ఇచ్చినందుకు బాధ లేదు, ఆ పిల్ల బాగా వాడుకుంది. కోపంలో ఇచ్చాను, అదీ బాధ. మీరు ఇప్పుడు కోపంలోనే ఉన్నారని మీ రాతలో తెలుస్తోంది. ఉండాలి కూడా, 24 ఏళ్లు చిన్న విషయం కాదు. గాజు ఆ ఖాళీని నింపేస్తుందని నేను చెప్పను. నాకు ఇప్పటికీ మృదంగం వినబడితే తుంటి దగ్గర కండరం బిగుస్తుంది. ఒక గుడ్డలో చుట్టి కంటికి కనబడని చోట పెట్టండి. ఇస్తారో ఉంచుకుంటారో వచ్చే ఏడాది నిర్ణయించుకోండి.

కానీ మీ సాధన వేళను మాత్రం ఖాళీగా వదలకండి. రోజూ పొద్దున్నే ఏ సమయానికి నాట్యం మొదలుపెట్టేవారో, అదే సమయానికి బల్ల దగ్గరికి రండి. నేను ఆ గంటలో మామూలు పారదర్శక గాజు మీద 40 గీతలు గీసేదాన్ని, తిన్నగా ఇరవై, వంపుగా ఇరవై. ఏ వస్తువూ చేసేదాన్ని కాదు. ఉత్త అడుగులు వేసినట్టే. మూడో నెలలో ఒకరోజు గీతలు అయ్యాక లెక్క గుర్తులేదు, నలభై దాటిపోయాయి. ఆ పూట ఇంకేమీ గుర్తు రాలేదు.

మొదటి ముక్కలు పగులుతాయి. పగిలితే పారేయకముందు అంచు వేలితో కాకుండా కంటితో చూడండి. అంచు గుండ్రంగా కరిగి ఉంటే వేడి ఎక్కేటప్పుడే, మరీ వేగంగా పెంచినందుకు పగిలింది. అంచు పదునుగా ఉంటే చల్లారేటప్పుడు పగిలింది. పగులు రెండు రంగులు కలిసే గీత వెంటే పోయిందంటే ఆ రెండు గాజులకూ పొత్తు కుదరలేదు. పలక మధ్యలో పాములా మెలిక తిరిగితే అనీలింగ్ చాలలేదని అనుమానించండి. తేలకపోతే రెండు ఫొటోలు ఇక్కడే పెట్టండి, ఒకటి మొత్తం ముక్కది, ఒకటి పగిలిన అంచుకు బాగా దగ్గరగా తీసింది. గాజు మందం, ఏ వేడి దగ్గర ఎంతసేపు ఉంచారో కూడా రాయండి. చూసి చెబుతాను.